ట్రేలో కాల్చిన టమాటాలతో సాసేజ్ సాస్

మొదటిసారి ఈ సాస్ చేసినప్పుడు నేను వెలగబెట్టింది ఏంటంటే, కిలోన్నర టమాటాలు కోసి, ఉన్న ఒక్క చిన్న ట్రేలోనే ఒకదాని మీద ఒకటి కుక్కి ఓవెన్‌లోకి తోసేశాను. ముప్పావుగంట తర్వాత తలుపు తీస్తే ఆవిరి వచ్చి కళ్ళజోడంతా కమ్మేసింది తప్ప కాలిన వాసన జాడే లేదు. టమాటాలు ఎర్రటి నీళ్ళలో మునకలేస్తున్నాయి. అంతసేపు ఓవెన్ నడిపి నేను చేసింది వాటిని ఉడకబెట్టడం. ఆ పని పొయ్యి మీద ఇరవై నిమిషాల్లో అయిపోయేది.

అప్పట్నుంచి ఈ సాస్ విషయంలో నేను పట్టించుకునేది ఒక్కటే, నీళ్ళు ఎక్కడ పోతున్నాయి, ఎప్పుడు పోతున్నాయి అని. పండిన టమాటాలో నూటికి 94, 95 వంతులు నీళ్ళే. పైన తడి ఉన్నంతసేపు ఆ తడిభాగం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మీరు ఓవెన్‌ని ఎంత పెంచినా సరే. గోధుమరంగు తిరిగి, తీపీ కమ్మదనం కలిసిన ఆ కాలిన రుచి రావాలంటే పైభాగం దాదాపు 140 డిగ్రీల దాకా వేడెక్కాలి. అంటే ముందు తడి ఆరాలి, రంగు ఆ తర్వాతే. సాసేజ్‌కీ ఇదే లెక్క. రెండింటినీ విడివిడిగా తడి ఆరబెట్టి, రంగు తెప్పించి, చివర్లో కలపడమే ఈ వంట. మిగతావాటిలో మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు.

నలుగురైదుగురికి సరిపోవాలంటే టమాటాలు కిలోన్నర, పచ్చి సాసేజ్ 400 గ్రాములు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి గడ్డ ఒకటి (అవును, గడ్డ మొత్తం), ఆలివ్ నూనె నాలుగు పెద్ద చెంచాలు, టమాటా పేస్ట్ ఒక పెద్ద చెంచా, సోంపు అర చిన్న చెంచా, చిల్లీ ఫ్లేక్స్ మీరు తినగలిగినంత, ఎండు ఒరెగానో ఒక చిన్న చెంచా, ఉప్పు, మిరియాల పొడి, గుప్పెడు తాజా బేసిల్ ఆకులు. పాస్తాలోకి అయితే అర కిలో పాస్తా. ఇవి కాక రెండు పెద్ద ట్రేలు, అడుగు మందంగా ఉన్న వెడల్పాటి మూకుడు ఒకటి కావాలి. ఒకే ట్రే ఉంటే రెండు విడతలుగా కాల్చుకోండి. కక్కుర్తిపడి కుక్కితే ఏమవుతుందో పైన చెప్పాను.

టమాటాలు ఏవైనా పరవాలేదు కానీ, కోలగా, కండ మందంగా ఉండే రకం దొరికితే అవే తీసుకోండి. వాటిలో రసం తక్కువ, గుజ్జు ఎక్కువ, కాబట్టి త్వరగా కాలతాయి. గుండ్రటి జ్యూసీ టమాటాలే ఉన్నాయంటే ఇంకో పావుగంట ఎక్కువ పడుతుంది, అంతే. చెర్రీ టమాటాలు గుప్పెడు కలిపితే తీపి పెరుగుతుంది. పండీ పండనివి ఉంటే ఫ్రిజ్‌లో పెట్టకుండా రెండు రోజులు బయటే ఉంచండి, రంగు తిరుగుతాయి. సీజన్ కానప్పుడు దొరికే ఆ చప్పటి, గట్టి టమాటాలకి కూడా ఈ పద్ధతి బాగా పనికొస్తుంది, నిజానికి వాటికే ఎక్కువ పనికొస్తుంది అంటాను నేను, ఎందుకంటే మంచి టమాటా ఎలా వండినా బాగానే ఉంటుంది, చప్పటిదాన్ని బాగుచేయాలంటే మాత్రం దానిలో ఉన్న కాస్త తీపినీ దగ్గరికి చేర్చాల్సిందే. అసలు తాజావి దొరక్కపోతే డబ్బాలో వచ్చే తొక్క తీసిన టమాటాలు కూడా కాల్చుకోవచ్చు. రసం వడకట్టి పక్కన పెట్టుకుని, టమాటాలు మాత్రం ట్రేలో పరచండి. ఆ రసం తర్వాత మూకుట్లోకి పనికొస్తుంది.

గింజలు తీసేయాలా అని చాలామంది అడుగుతారు. వద్దు. గింజల చుట్టూ ఉండే ఆ జిగురులో గ్లుటమేట్ ఉంటుంది, కండలో కన్నా అక్కడే ఎక్కువ. నోట్లో ఊరించే కమ్మదనం ఇచ్చేది అదే. దాన్ని చెత్తబుట్టలో వేసి తర్వాత రుచి కోసం చీజ్ మీద చీజ్ తురుముకోవడం ఎందుకు?

ఇక కోయడం. తొడిమ దగ్గర గట్టిగా ఉండే తెల్లటి భాగాన్ని తీసేసి, నిలువుగా రెండు ముక్కలు చేయండి, మరీ పెద్దవైతే నాలుగు. ట్రేలో బేకింగ్ పేపర్ పరిచి, కోసిన వైపు పైకి ఉండేలా పేర్చండి. ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. కోసిన వైపు పైకి ఎందుకంటే, అలా పెడితే తొక్క దొన్నెలా రసాన్ని పట్టుకుని ఉంచుతుంది, ఆవిరి నేరుగా పైకి పోతుంది. బోర్లిస్తే తొక్క నల్లగా కాలి చేత్తో లాగితే వచ్చేస్తుంది, అది కూడా ఒక పద్ధతే, కానీ రసం అంతా ట్రేలోకి కారి మళ్ళీ అదే నీళ్ళ కథ మొదలవుతుంది. అల్యూమినియం ఫాయిల్ మీద టమాటాలు నేరుగా పెట్టకండి, పులుపు దాన్ని తింటుంది, సాస్‌కి లోహపు వాసన వస్తుంది. మైనం పూత ఉన్న కాగితం కూడా ఓవెన్‌లో పనికిరాదు, పొగ వస్తుంది.

ఉల్లిపాయని వేలెడు మందాన పెద్ద ముక్కలుగా కోసి టమాటాలతో పాటే ట్రేలో వేయండి. సన్నగా తరిగితే టమాటాలు సగం కాలేలోపు అవి బొగ్గవుతాయి. వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే విడదీసి, కాస్త నూనె రాసి, ఫాయిల్ ముక్కలో పొట్లం కట్టి ట్రే మూలన పడేయండి. పొట్టు తీసి విడిగా వేస్తే మాడి చేదెక్కుతాయి, ఒక్క మాడిన రెబ్బ చాలు సాస్ మొత్తం చేదవడానికి. టమాటాల మీద మూడు చెంచాల నూనె, ఒక చిన్న చెంచా ఉప్పు, మిరియాల పొడి, ఒరెగానో చల్లండి. బేసిల్ ఇప్పుడే వేయొద్దు, అది దింపే ముందు పని. ఉప్పు మరీ ఎక్కువ వద్దు, సాసేజ్‌లో ఎలాగూ బోలెడు ఉంటుంది.

ఓవెన్‌ని 200 డిగ్రీలకి ముందే వేడిచేసి పెట్టండి, ఫ్యాన్ తిరిగే రకం అయితే 180 చాలు. చిన్న ఓటీజీల్లో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్లలో) వేడెక్కే కడ్డీ దగ్గరగా ఉంటుంది కాబట్టి ట్రే మధ్య అరలో పెట్టి, సగంలో ఒకసారి అటుదిటు తిప్పండి.

మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. టమాటాలు మెత్తబడి, ఉబ్బి, రసం బుడగలు కడుతుంటుంది, అంతే. ఇక్కడే చాలామంది తలుపు తీసి తీసి చూస్తుంటారు, తీసిన ప్రతిసారీ వేడి బయటికి పోతుంది. ముప్పై ఐదో నిమిషం దాటాక అసలు సంగతి మొదలవుతుంది. అంచులు ముడతలు పడి లోపలికి ముడుచుకుంటాయి. బుడగలు చిన్నవై, చిక్కగా, నెమ్మదిగా పగులుతాయి. తొక్క అంచు మీద చిన్న చిన్న నల్ల మచ్చలు పడతాయి, ట్రేలో కారిన రసం కాగితం మీద ఎండి పాకంలా, ముదురు ఎరుపులో అంటుకుంటుంది. ఇంట్లో వాసన కూడా మారుతుంది, అప్పటిదాకా పుల్లగా ఉన్నది ఒక్కసారిగా తియ్యటి వాసనయిపోతుంది. మీ ఓవెన్‌ని బట్టి 45 నుంచి 60 నిమిషాల మధ్య ఎక్కడో ఇది జరుగుతుంది. గడియారం కన్నా ఆ ముడుచుకున్న అంచుల్నే నమ్మండి. టమాటాలు సగానికి సగం కుదించుకుపోయి, మధ్యలో మాత్రం ఇంకా కాస్త తడిగా ఉండాలి. పూర్తిగా ఎండిపోయే దాకా ఉంచితే అవి సాస్‌కి రావు, తొక్కలు తొక్కలుగా నమలాల్సి వస్తుంది.

ఓవెన్ లేనివాళ్ళు ఎయిర్ ఫ్రయ్యర్‌లో 190 డిగ్రీల మీద 20 నుంచి 25 నిమిషాలు, విడతలు విడతలుగా కాల్చుకోవచ్చు. అదీ లేకపోతే మందపాటి పెనం మీద కొంచెం నూనెతో, టమాటాల్ని కోసిన వైపు కిందికి పెట్టి, కదపకుండా కాల్చండి. అంత లోతైన రుచి రాదు కానీ ఉడకబెట్టిన దానికన్నా నాలుగు రెట్లు నయం. ఇనప పెనం అయితే రంగు రాగానే తీసేయండి, టమాటాని అందులోనే వదిలేస్తే ఇనుము రుచి దిగుతుంది.

టమాటాలు ఓవెన్‌లో ఉండగా సాసేజ్ సంగతి చూద్దాం. సాస్ బాగా రావడానికి సగం కారణం ఇక్కడే ఉంది, అందుకే కొంచెం తీరిగ్గా చెబుతాను.

కొనేటప్పుడు రెండు రకాలు కనిపిస్తాయి. పచ్చి సాసేజ్, అంటే లోపల మసాలా కలిపిన పచ్చి ఖీమా ఉన్నది. రెండోది ముందే ఉడికించినదో పొగబెట్టినదో, అంటే అలాగే కోసుకుని తినేయగలిగేది. ఈ సాస్‌కి పచ్చిదే సరైనది, ఎందుకంటే దాన్ని చిదిపి వేయించవచ్చు, దాని కొవ్వు కరిగి సాస్‌లో కలుస్తుంది. సోంపు వేసిన ఇటాలియన్ తరహా పోర్క్ సాసేజ్ దొరికితే ఇంకేం కావాలి, సోంపుకీ టమాటాకీ భలే కుదురుతుంది. దొరక్కపోతే మామూలు పోర్క్ లేదా చికెన్ సాసేజ్ తీసుకుని, సోంపు మీరే కచ్చాపచ్చాగా దంచి వేసుకోండి. ఉడికించినది మాత్రమే ఉంటే అది చిదపడానికి రాదు, అర అంగుళం చక్రాలుగా కోసి రెండు వైపులా ఎర్రగా వేయించి పక్కన పెట్టుకోండి, రుచి వేరేగా ఉంటుంది, పొగబెట్టినదైతే సాస్ మొత్తం ఆ పొగ వాసనే పట్టుకుంటుంది. నాకు అది నచ్చుతుంది, మా ఇంట్లో మిగతావాళ్ళకి నచ్చదు.

సాసేజ్‌ని కడగొద్దు. పచ్చి మాంసం కడిగితే శుభ్రమయ్యేది ఏమీ లేదు, ఆ నీళ్ళు సింక్ చుట్టూ చింది సూక్ష్మజీవులు అంతటా అంటుకుంటాయి. పైగా మనం తడి వదిలించుకోవాలని చూస్తున్నాం కదా. పైపొర తీయడానికి కత్తి మొనతో నిలువుగా ఒక్క గీత గీసి, అరటిపండు తొక్కలా రెండు పక్కలకీ లాగేయండి. జారుతుంటే పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి తీయండి, ఇట్టే వచ్చేస్తుంది. తర్వాత చేతులు, బోర్డు, కత్తి సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు చాలామంది చేసే పని, ఆ ఖీమాని మూకుట్లో వేసి వెంటనే గరిటెతో చిదిపి, కలిపి, కలిపి, కలిపి... కాసేపటికి బూడిద రంగు గుళ్ళు వాటి నీళ్ళలో అవే ఉడుకుతుంటాయి. అలా చేయకండి. మూకుడు బాగా వేడెక్కాక మిగిలిన చెంచా నూనె వేయండి. ఖీమా మొత్తాన్ని ఒక పెద్ద అట్టులా, అర అంగుళం మందాన, మూకుడు అడుగంతా పరుచుకునేలా అదమండి. మూకుడు చిన్నదైతే రెండు అట్లు, రెండు విడతలు. అదిమేశాక గరిటె కింద పెట్టేసి, నాలుగైదు నిమిషాలు దాన్ని ముట్టుకోకండి. మంట మధ్యస్థంగా, కొంచెం ఎక్కువ వైపుకి. చెవి పెట్టి వినండి. మొదట బుసబుసమని చప్పుడొస్తుంది, అది నీళ్ళు పోతున్న చప్పుడు. కాసేపటికి అది సన్నగా చిటపటలాడే చప్పుడుగా మారుతుంది, అంటే నీళ్ళు అయిపోయి కొవ్వులో వేగడం మొదలైందన్నమాట. అంచు ఎత్తి చూస్తే కింద ముదురు గోధుమరంగు పెచ్చు కట్టి ఉండాలి. అప్పుడు ముక్కలుగా తిరగేసి, ఇంకో రెండు మూడు నిమిషాలు వేగనిచ్చి, అప్పుడు చిదపండి. మరీ రవ్వలా కాకుండా, శనగగింజ నుంచి ఉసిరికాయ దాకా పెద్దా చిన్నా కలిసి ఉంటే తినేటప్పుడు బాగుంటుంది.

ఒక వైపే బాగా ఎర్రబడితే చాలు, రెండో వైపు కోసం మాంసాన్ని ఎండగొట్టొద్దు. లోపల గులాబీ రంగు ఉన్నా ఇప్పుడే కంగారు వద్దు, ఇంకా సాస్‌లో మరుగుతుంది. కాకపోతే ఖీమా కాబట్టి చివరికి పూర్తిగా ఉడకాల్సిందే, థర్మామీటర్ ఉంటే పోర్క్‌కి 71 డిగ్రీలు, చికెన్‌కి 74 డిగ్రీలు చూపించాలి. లేకపోతే అన్నిటికన్నా పెద్ద ఉండ ఒకటి విరిచి చూడండి.

వేగిన సాసేజ్‌ని ప్లేట్లోకి తీసేయండి. మూకుట్లో కొవ్వు రెండు మూడు చెంచాలకి మించి ఉంటే ఎక్కువైంది వంచేయండి. సింక్‌లోకి మాత్రం వద్దు, గొట్టంలో గడ్డకట్టి తర్వాత మీకే టెన్షన్. చికెన్ సాసేజ్ అయితే కొవ్వు దాదాపు ఉండదు, నూనె కొంచెం కలపాల్సి వస్తుంది.

మూకుడు అడుగున గోధుమరంగులో అంటుకుని ఉన్న పొరని చూసి గిన్నె మాడిందని దయచేసి కడిగేయకండి. రుచంతా అక్కడే ఉంది. నల్లగా మాడితే వేరే మాట, అప్పుడు కడిగేసి కొత్తగా నూనె వేసుకోండి. మంట తగ్గించి ఆ కొవ్వులోనే దంచిన సోంపు, చిల్లీ ఫ్లేక్స్ వేసి పది సెకన్లు, టమాటా పేస్ట్ వేసి రెండు నిమిషాలు వేయించండి. పేస్ట్ ఎరుపు నుంచి ఇటుక రంగుకి తిరిగి, పచ్చివాసన పోయి, అంచుల్లో నూనె విడిచినప్పుడు అర గ్లాసు నీళ్ళో, చికెన్ స్టాకో, డబ్బా టమాటాలు వాడినవాళ్ళైతే ఆ దాచిన రసమో పోసి, చెక్క గరిటెతో అడుగంతా గీకండి. వైన్ వాడేవాళ్ళు ఇక్కడ అర గ్లాసు పోసి సగమయ్యే దాకా మరిగించుకోవచ్చు. ఇంత కష్టపడి నీళ్ళు పోగొట్టి మళ్ళీ నీళ్ళు పోయడం ఏంటి అంటారేమో. ఇవి ఆ అంటుకున్నదాన్ని కరిగించడానికే, రెండు నిమిషాల్లో ఇగిరిపోతాయి.

ఈలోగా టమాటాలు అయి ఉంటాయి. వెల్లుల్లి పొట్లం విప్పి, కాస్త చల్లారాక ఒక్కో రెబ్బనీ తోక దగ్గర నొక్కితే మెత్తటి గుజ్జు పొట్టులోంచి జారి వచ్చేస్తుంది. కొన్ని పేలిపోయి గోడకి తగులుతాయి, జాగ్రత్త.

తొక్కలు తీయాలా? మీ పళ్ళని అడగండి. నేను మరీ నల్లగా మాడిన నాలుగైదు తొక్కలు లాగేసి మిగతావి ఉంచేస్తాను. టమాటాలు, ఉల్లిపాయ, వెల్లుల్లి గుజ్జు అన్నీ గిన్నెలో వేసి పప్పు గుత్తితోనో గరిటె వెనకవైపుతోనో మెదిపితే ముక్కలు ముక్కలుగా, సాసేజ్‌కి తగ్గట్టు ముతకగా ఉంటుంది. నాకు ఇలాగే ఇష్టం. నున్నగా కావాలనుకుంటే మిక్సీ వాడండి, కానీ రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పండి, ఏకధాటిగా తిప్పకండి. ఎక్కువసేపు తిప్పితే గాలి చేరి, నూనె చిలికినట్టై సాస్ ఎరుపు పోయి నారింజ రంగులోకి తిరుగుతుంది, రుచి కూడా కాస్త చప్పబడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, వేడివేడిగా మిక్సీ జార్‌లో వేసి మూత బిగించొద్దు. ఆవిరికి మూత ఎగిరిపోతుంది. నా వంటగది పైకప్పు మీద ఒక ఎర్ర మచ్చ ఇప్పటికీ ఉంది, చూసినప్పుడల్లా నాకు ఈ వాక్యం గుర్తొస్తుంది. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి, జార్ సగానికి మించి నింపకండి.

ట్రేలో కాగితానికి అంటుకున్న ఆ ముదురు పాకం ఉంది కదా, దాన్ని వదలొద్దు. రెండు చెంచాల వేడినీళ్ళు పోసి గరిటెతో గీకి అదీ మూకుట్లో వేసేయండి.

టమాటా గుజ్జు, సాసేజ్, ప్లేట్లో ఊరిన దాని రసంతో సహా, అన్నీ మూకుట్లో కలిపి సన్నటి మంట మీద పదిహేను ఇరవై నిమిషాలు మూత లేకుండా ఉంచండి. గంటలు గంటలు మరిగించే మాంసం సాస్ కాదు ఇది. ఆ పద్ధతిలో సమయమంతా మూకుట్లో గడుస్తుంది, మనం ఆ సమయాన్ని ఓవెన్‌లోనే ఖర్చుపెట్టేశాం. ఇక్కడ రెండూ ఒకదానికొకటి రుచి పట్టించుకుంటే చాలు. గరిటెతో మూకుడు అడుగున గీత గీస్తే ఆ గీత ఒకటి రెండు సెకన్లు అలాగే నిలబడి, తర్వాత నెమ్మదిగా పూడాలి. వెంటనే నీళ్ళు పరుగెత్తుకొస్తే ఇంకో ఐదు నిమిషాలు. మంట ఆపాక బేసిల్ ఆకులు చేత్తో చింపి వేసి, అప్పుడు మాత్రమే ఉప్పు చూసి, చాలకపోతే కలపండి. ముందే వేస్తే సాసేజ్ ఉప్పు, ఇగిరిన టమాటా ఉప్పు, మీ ఉప్పు మూడూ కలిసి నోట్లో పెట్టుకోలేరు.

రుచి చూశాక ఏదో తేడాగా ఉంటే సర్దుకోవచ్చు. పులుపు ఎక్కువైతే అందరూ చక్కెర వేస్తారు, అర చెంచా దాకా సరే, అది పులుపుని తీసేయదు, కప్పుతుంది. పులుపే తగ్గాలంటే వంటసోడా, అదీ రెండు వేళ్ళ మధ్య చిటికెడు, నురగ లేచి అణిగేదాకా కలిపి, మళ్ళీ రుచి చూడండి. ఎక్కువైతే సబ్బు తిన్నట్టుంటుంది, ఇక దానికి విరుగుడు లేదు. వెన్న చిన్న ముక్క వేసినా పులుపు మెత్తబడుతుంది. పైన నూనె తేలుతుంటే చెంచాతో తీసేయండి, లేకపోతే పాస్తా ఉడికిన నీళ్ళు గరిటెడు పోసి గట్టిగా కలపండి, కలిసిపోతుంది. ఉప్పు ఎక్కువైతే ఇంకో నాలుగు టమాటాలు కాల్చి కలపడం తప్ప దారి లేదు, బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందనే మాట మీద నాకు నమ్మకం లేదు, అది లాగేది ఉప్పునీళ్ళని, సాస్‌లో మిగిలినది అంతే ఉప్పగా ఉంటుంది. చేదుకి కారణం ఎప్పుడూ వెల్లుల్లో, మాడిన ఉల్లిపాయో. దానికి చేయగలిగింది తక్కువ, అందుకే గ్రైండ్ చేసే ముందే నల్లవి ఏరేయండి.

పాస్తా విషయానికొస్తే, గీతలున్న గొట్టాల్లాంటివి బాగుంటాయి, పెన్నే, రిగటోనీ లాంటివి, సాసేజ్ గుళ్ళు గొట్టాల్లోకి దూరతాయి. సన్నటి స్పగెట్టీకి ఈ ముతక సాస్ పట్టదు, మాంసమంతా ప్లేటు అడుగున మిగులుతుంది. వంద గ్రాముల పాస్తాకి లీటరు నీళ్ళు, లీటరుకి పది గ్రాముల ఉప్పు లెక్కన మరిగించి, ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే తీసేయండి. వార్చే ముందు ఒక కప్పు ఆ గంజినీళ్ళు పక్కన పెట్టుకోవడం మర్చిపోవద్దు, నేను పదిసార్లకి మూడుసార్లు మర్చిపోతాను, అందుకే ఇప్పుడు జల్లెడలోనే కప్పు పెట్టి ఉంచుతున్నాను, కప్పు తీయకుండా వార్చలేం కదా. పాస్తాని సాస్‌లో వేసి, ఆ నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ పెద్ద మంట మీద రెండు నిమిషాలు ఎగరేసి కలపండి. నీళ్ళలోని పిండిపదార్థం కొవ్వునీ టమాటానీ కలిపి పట్టి ఉంచుతుంది, సాస్ పాస్తాకి అంటుకుని మెరుస్తుంది. పాస్తా ఒక్కటే కాదు, మందంగా కోసి కాల్చిన బ్రెడ్ మీద, లసాన్యా పొరల మధ్య కూడా బాగుంటుంది, సాస్‌లోనే గుంటలు చేసి గుడ్లు కొట్టి మూతపెట్టినా ఇంకో పూటకి వంట అయిపోతుంది.

మిగిలినది దాచుకోవడం గురించి మాత్రం కచ్చితంగా ఉండండి. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, లోతు తక్కువ గిన్నెల్లో పోస్తే త్వరగా చల్లారుతుంది. మూడు నాలుగు రోజులు ఉంటుంది, రెండో రోజు రుచి ఇంకా బాగుంటుంది. గాజు సీసాల్లో పోసి, మరిగే నీళ్ళలో ముంచి సీల్ చేసి అల్మారాలో దాచుకుందాం అనుకునేవాళ్ళకి ఒక్క మాట, ఈ సాస్‌కి ఆ పని చేయొద్దు. ఉత్త టమాటాల పులుపే సరిహద్దులో ఉంటుంది, వాటికే నిమ్మరసం కలిపి సీల్ చేయమంటారు, ఇందులో మాంసం, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉన్నాయి. గాలి చొరని సీసాలో బొటులిజం (ప్రాణం మీదికి తెచ్చే ఆహార విషబాధ) కలిగించే బ్యాక్టీరియాకి అది మంచి ఇల్లు, వాసనతో రంగుతో తెలియకపోవచ్చు. ఫ్రీజర్ ఉండగా ఆ రిస్క్ ఎందుకు.

ఫ్రీజర్‌కైతే జిప్ కవర్లలో ఒక్కో పూటకి సరిపడా పోసి, గాలి తీసేసి, పలకల్లా చదునుగా పడుకోబెట్టి గడ్డకట్టించండి. పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు, త్వరగా కరుగుతాయి కూడా. రెండు మూడు నెలల్లోపు వాడేస్తే రుచి తగ్గదు. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి కరిగించి, బాగా కుతకుతలాడేలా వేడి చేసుకుని, తాజా బేసిల్ కొత్తగా వేసుకోండి. కవర్ మీద పేరు, తేదీ తప్పకుండా రాయండి. గడ్డకట్టాక ఎర్రవన్నీ ఒకేలా కనిపిస్తాయి, నేను ఒకసారి పాస్తా ఉడికించి పెట్టుకుని, సాస్ అనుకుని కరిగించింది స్ట్రాబెర్రీ గుజ్జు.